తలుపు వెనక గొంతు

పోయిన వారం మనం వ్యానక్కను ఆసుపత్రి వెనక రోడ్డు మీద, మాట రాని స్థితిలో వదిలేశాం. గాలివాన హెచ్చరిక వచ్చి ఆ రోజు బడి పదకొండు గంటలకే మూసేశారు. ఇలా సగం పూట బడి మూయడం ఆ ఏడాదిలో అది మూడోసారి. పద్నాలుగు మంది పిల్లలను ఇళ్ళకు చేర్చే బాధ్యత వ్యానక్కది, డ్రైవరుది. అలాంటి రోజుల కోసం ఆ బడికి ఒక నియమం ఉంది. పిల్లను వీధి మొదట్లో దింపి పోకూడదు. గుమ్మం దాకా తీసుకెళ్ళి పిలవాలి, లోపలినుంచి పెద్దవాళ్ళు పలకాలి, పలికింది ఎవరో ఒక పుస్తకంలో రాయాలి. దానికి పలుకు పుస్తకం అని పేరు. ఎవరూ పలకకపోతే పిల్లను మళ్ళీ బడికి తీసుకురావాలి. రెండో తరగతి చిట్టి ఇంటి ముందు వ్యానక్క పిలిచినప్పుడు, "వచ్చావా, కాళ్ళు తుడుచుకుని రా" అని లోపలినుంచి తల్లి గొంతు పలికింది. వ్యానక్క "తల్లి" అని రాసుకుంది. పావుగంట తిరక్కుండానే ఆ తల్లి ఆసుపత్రి వెనక తడి దుప్పట్ల బండి తోస్తూ కనిపించింది.

వ్యానక్క మిగిలిన ముగ్గురు పిల్లలను గుమ్మం దాకా తీసుకెళ్ళి దింపింది. చివరి పిల్ల ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాక, తడిసిన రెయిన్‌కోటు టోపీ వెనక్కి తోసి, డ్రైవరు వెనక సీట్లో కూలబడింది.

"బాబాయ్, బండి ఆసుపత్రి వైపు తిప్పు."

"ఎవరికి బాగోలేదు?"

"నాకే. కళ్ళు బాగోలేవు. చూపించుకోవాలి."

డ్రైవరు అద్దంలోంచి ఆమెను చూశాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. పిల్లలు అతన్ని నత్త బాబాయ్ అంటారు, బండి అంత నెమ్మదిగా నడుపుతాడు. ఆ పేరంటే అతనికి కోపం లేదు. "నత్త ఎవరినైనా గుద్దిందని ఎప్పుడైనా విన్నారా?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు.

వ్యానక్క తను చూసింది చెప్పింది. వైపర్లు రెండుసార్లు అటూ ఇటూ తిరిగాయి.

"వానలో అందరూ ఒకేలా ఉంటారమ్మాయ్. అందరూ తడిసిన పిల్లులే."

"ఆ నడక నాకు తెలుసు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది. ఆమే."

"ఆమే అనుకో. ఇంట్లో మనిషి పలికారా లేదా? పలికారు. రాసుకున్నావా లేదా? రాసుకున్నావు. మన పని అంతవరకే. కాలవ పొంగితే బండి ఇక్కడే ఆగిపోతుంది, పద పోదాం."

"నేను మూడుసార్లు రాశాను బాబాయ్. వానలు మొదలైనప్పుడు ఒకసారి, పోయిన నెల ఒకసారి, ఇవాళ ఒకసారి. మూడుసార్లూ తలుపు తెరుచుకోలేదు. జల్లు లోపలికి కొడుతుంది కదా అని మనమూ తెరవమని అడగం. ఇన్నాళ్ళూ నేను రాసింది తల్లిని కాదు, తలుపుని."

డ్రైవరు బండి తిప్పాడు, ఎప్పటికన్నా నెమ్మదిగా.

ఆసుపత్రి లాండ్రీ అంటే వెనకవైపు పొడుగాటి రేకుల షెడ్డు. ఒక పక్క మనిషెత్తు మిషన్లు, ఇంకో పక్క ఆరబెట్టే మిషన్లు, మధ్యలో మడతలు పెట్టే బల్లలు. మామూలు రోజుల్లో ఇరవై మంది పనిచేసే చోట ఆ రోజు ఆరుగురు ఉన్నారు. రాగలిగినవాళ్ళు వచ్చారు, రాలేనివాళ్ళు రాలేదు, వచ్చినవాళ్ళను ఇక వెళ్ళనివ్వలేదు. పై రేకుల మీద వాన చప్పుడుకు, కింద మిషన్ల చప్పుడుకు పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సి వస్తోంది.

చిట్టి తల్లి ఆఖరి బల్ల దగ్గర ఉంది. వ్యానక్కను చూడగానే ఆమె చేతిలో దుప్పటి ఆగిపోయింది.

"చిట్టికి ఏమైంది?"

"ఏం కాలేదు. ఇంట్లో దింపాను. బాగానే ఉంది."

ఆమె ఊపిరి పీల్చుకోవడం వ్యానక్కకు కనిపించింది. ఆ తరవాత ఆమె దుప్పటిని గట్టిగా ఒక్క విదిలింపు విదిలించి, రెండో కొసను వ్యానక్క వైపు విసిరింది.

"ఆ కొస పట్టుకో. ఒక్కదాన్నే మడిస్తే పొద్దు గూకుతుంది. మరెందుకొచ్చావక్కా?"

వ్యానక్క పట్టుకుంది. పట్టుకోకపోతే నేల మీద పడుతుంది కదా.

"అరగంట కింద నువ్వు ఇంట్లో పలికావు. ఇప్పుడు ఇక్కడ దుప్పటి మడుస్తున్నావు. ఇద్దరిలో ఏ నువ్వు నిజం నువ్వో అడుగుదామని."

"ఇప్పుడే కబురొచ్చింది. పరుగెత్తుకొచ్చాను."

"మీ ఇంటినుంచి ఇక్కడికి రెండు మైళ్ళు. నేను వ్యానులో వచ్చాను. నాకన్నా ముందొచ్చి, ఒళ్ళు తుడుచుకుని, దుప్పట్ల బండి కూడా తోస్తున్నావు. పరుగు పందేలకు పేరివ్వు అమ్మాయ్, కప్పు తెచ్చుకుంటావు."

ఇద్దరూ దుప్పటి చాపి లాగి, మధ్యకు వచ్చి, కొసలు కలిపారు. ముఖాలు జానెడు దూరంలోకి వచ్చాయి. తల్లి కళ్ళు దించుకుంది. మళ్ళీ వెనక్కి వెళ్ళారు.

"మా అత్తగారు పలికి ఉంటుంది."

"మీ అత్త పోయి ఏడాది దాటింది. ఆ రోజు చిట్టిని బడినుంచి ముందుగా తెచ్చి దింపింది ఎవరనుకున్నావ్?"

రెండో దుప్పటి. లాగారు, మధ్యకు వచ్చారు. ఈసారి తల్లి కళ్ళు దించుకోలేదు.

"సరే. ఇంట్లో మనిషి ఉంది. పిలిస్తే పలికింది. నీ పుస్తకానికి కావలసింది అదేగా? ఇంకా ఏం కావాలి నీకు? నేను ఇల్లు కనిపెట్టుకుని కూర్చోవాలా? కూర్చుంటాను. అప్పుడు ఆపరేషను గదిలో పేషెంట్లను దేనిమీద పడుకోబెడతారో నువ్వే చెప్పు. గాలి వస్తుందంటే బళ్ళు మూస్తారు, ఆఫీసులు మూస్తారు, ఆసుపత్రి మూస్తారా? అందరూ ఇళ్ళకు పొమ్మన్నప్పుడే మమ్మల్ని ఉండమంటారు. ఇదంతా మీ పెద్ద టీచర్‌కి చెప్పుకోలేదనుకున్నావా? చెప్పాను. 'మా ఆయన లారీ మీద నెలకోసారి వస్తాడు, పక్కింటివాళ్ళు కూడా పనులకు పోయేవాళ్ళే, ఇద్దరు పిల్లలతో నేనేం చెయ్యాలమ్మా' అన్నాను. ఆవిడేమందో తెలుసా? 'పలికే మనిషి ఉండాలి, అది ఎవరన్నది నీ ఇష్టం. ఇప్పటికి రెండుసార్లు తిరిగొచ్చారు. మూడోసారి వస్తే వ్యాను లిస్టులోంచి పేర్లు తీసేయాలి' అంది. వ్యాను లేకపోతే చిట్టి మూడు మైళ్ళు నడిచి బడికి పోతుందా?"

"ఏది, ఇంకోసారి చెప్పు. ఇద్దరు పిల్లలా?"

తల్లి నాలుక కరుచుకుంది.

"ఇద్దరు ఇప్పుడెక్కడ ఉన్నారమ్మాయ్? పెద్దది పోయిన ఏడాదే వాళ్ళ పిన్ని ఊరెళ్ళిపోయిందన్నావు కదా, అక్కడ బడిలో వేశామన్నావు కదా?"

వ్యానక్క చేతుల్లోంచి దుప్పటి కొస జారిపోయి, సబ్బునీళ్ళ నేల మీద పడింది. తల్లి వంగి దాన్ని తీసి, చుట్ట చుట్టి, మళ్ళీ ఉతకాల్సిన గుడ్డల్లో పడేసింది.

"ఇరవై కావాలట, ఆపరేషను గదికి, తొందరగా!" అని షెడ్డు అవతలి కొసనుంచి ఎవరో అరిచారు.

"తెస్తున్నా!" అని తల్లి అరిచింది. ఆ తరవాత వ్యానక్క వైపు తిరక్కుండానే, మిషన్ల చప్పుడులో వినపడీ వినపడనట్టు అంది. "వెళ్తావని తెలుసు. వెళ్ళు. దాన్ని తిట్టకక్కా."

చిట్టి వాళ్ళ వీధిలో నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. వ్యాను వీధి మొదట్లో ఆగింది. వ్యానక్క గోడ పట్టుకుంటూ నడిచి, నాలుగో గుమ్మం ముందు నిలబడింది. ఈసారి చిట్టిని పిలవలేదు.

"చిట్టి వాళ్ళమ్మా!"

"ఏంటక్కా, మళ్ళీ వచ్చావ్? ఏమన్నా మర్చిపోయావా?"

అదే గొంతు. మాట చివర తల్లికి వచ్చే చిన్న దగ్గుతో సహా. ఇప్పుడే ఆ తల్లిని వదిలి వచ్చింది గనక సరిపోయింది, లేకపోతే వ్యానక్క నాలుగోసారి కూడా నమ్మేది.

"ఏమీ మర్చిపోలేదు. మీ అమ్మతో దుప్పట్లు మడిచి వస్తున్నాను. గడియ తియ్యి."

లోపల గుసగుసలు. బకెట్టు పక్కకు జరిపిన చప్పుడు. గడియ తీశారు.

పెద్దది అక్కడ నిలబడి ఉంది. వ్యానులో అందరూ చిలక అని పిలిచిన పిల్ల. పదమూడేళ్ళు వచ్చాయి. ఏడాదిలో జానెడు పొడుగు పెరిగింది. ఒంటి మీద పాత యూనిఫారం గౌను ఉంది, మోకాళ్ళ పైకి పోయింది. ఒకప్పుడు ఆ పిల్ల వ్యానులో ఉంటే దారి తెలిసేది కాదు. టీచర్లందరి గొంతులూ, డ్రైవరు గొంతూ, వ్యానక్క గొంతూ దించేసేది. పిన్ని ఊరెళ్ళిందని విన్నప్పుడు వ్యానక్క వారం రోజులు కిటికీ పక్క సీటు ఎవరికీ ఇవ్వలేదు.

ఆమె నడుం వెనకనుంచి చిట్టి తల బయటపెట్టింది.

"నేను చెప్పలేదు వ్యానక్కా! ఒట్టు! నేను ఎవ్వరికీ చెప్పలేదు!"

"నువ్వు చెప్పలేదే తల్లీ. మీ అమ్మే చెప్పింది."

"అమ్మ చెప్పిందా?" పెద్దదాని ముఖం వాడిపోయింది. "నాకేమో చచ్చినా చెప్పొద్దంది."

వ్యానక్క లోపలికి వచ్చి తలుపు వేసింది. ఒకటే గది. మంచం కాళ్ళ కింద నాలుగేసి ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. కప్పు కారే చోట్ల మూడు బకెట్లు, ఒక గిన్నె. చిట్టి సంచీ, కొన్ని పుస్తకాలు ప్లాస్టిక్ కవర్లో కట్టి మేకుకు తగిలించారు. పొయ్యి మీద పాలు మూతపెట్టి ఉన్నాయి. ఇల్లాలు ఉన్న ఇల్లులాగే ఉంది. గోడ మీద మాత్రం గళ్ళు గీసిన కాగితం ఒకటి అంటించి ఉంది. ఏడో తరగతి పీరియడ్ల పట్టిక.

"ఇదెక్కడిది?"

"చిట్టి చేత తెప్పించాను. ఏడో తరగతి గది బయట అంటిస్తారు కదా, రోజూ కొంచెం కొంచెం రాసుకొచ్చింది. ఏ గంటకి ఏ పాఠం జరుగుతోందో తెలియడానికి. ఊరికే."

"తప్పుల్లేకుండా రాశాను," అంది చిట్టి. "ఒక్కటే తప్పు. లెక్కలు రెండుసార్లు రాశాను."

"నాకేమో మంగళవారం మంగళవారం రెండు లెక్కల క్లాసులు. తల వాచిపోయింది," అంది పెద్దది.

చిట్టి కిసుక్కున నవ్వింది. పెద్దది కూడా నవ్వబోయి, వ్యానక్క ముఖం చూసి ఆగిపోయింది.

"అమ్మ మాన్పించలేదక్కా. నేనే అన్నాను. పోయిన ఏడాది రెండుసార్లు ఎవరూ పలకలేదని మీరు మమ్మల్ని మళ్ళీ బడికి తీసుకెళ్ళారు, గుర్తుందా? పెద్ద టీచర్ అమ్మకి ఆ మాట చెప్పినరోజు రాత్రి అమ్మ ఏమీ తినలేదు. మర్నాడు నేను స్నానం చేస్తూ అమ్మలా చిట్టిని కేకేశాను, సరదాకి. ఇది నిజంగా అమ్మే అనుకుని పరుగెత్తుకొచ్చింది. అప్పుడు అనిపించింది."

"సరే, పలకడం వచ్చింది. గాలివాన రోజున పలుకు. బడి మొత్తం ఎందుకు మానడం?"

పెద్దది ఆమె వైపు ఆశ్చర్యంగా చూసింది. ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

"గాలి ఏ రోజు వస్తుందో ముందు చెప్పదు కదక్కా. పొద్దున బాగానే ఉంటుంది, పదకొండింటికి మూసేస్తారు. నేను కూడా బడిలో ఉంటే, నేనూ చిట్టితోపాటే వ్యానులో ఉంటాను. ఇంట్లో ఎవరు పలుకుతారు? అందుకని రోజూ ఇంట్లోనే ఉండాలి."

వ్యానక్క మంచం అంచున కూర్చుంది. మూడు రోజులు. ఏడాదికి మూడు సగం రోజుల కోసం. వాన ఎక్కువగా పడ్డ ఏడాది కాబట్టి మూడు, లేకపోతే ఒకటో రెండో. ఆ మాట ఆమె పైకి అనలేదు. ఆ పిల్లకు లెక్కలు బాగా వచ్చు, తను చెప్పాల్సిన పని లేదు.

ఆ నియమం ఎందుకు పుట్టిందో కూడా ఆమెకు తెలుసు. అంతకుముందు ఒక గాలివాన రోజున ఒక పిల్లను తాళం వేసిన ఇంటి ముందు దింపి వచ్చేశారు. సాయంత్రం దాకా మెట్ల మీద కూర్చున్న ఆ పిల్ల మీద రేకు ఎగిరి పడి చెయ్యి విరిగింది. నియమం పెట్టినవాళ్ళు తప్పు చెయ్యలేదు. ఈ తల్లీ తప్పు చెయ్యలేదు. ఈ పిల్ల అసలే చెయ్యలేదు. అయినా ఇక్కడ ఒక పిల్లకు ఏడాది చదువు పోయింది.

ఆమె రెయిన్‌కోటు లోపలి జేబులోంచి పలుకు పుస్తకం తీసింది. పెద్దది ఒక్క అంగలో దగ్గరికి వచ్చింది.

"అక్కా, వద్దు. రాయకు. ఇంట్లో పెద్దవాళ్ళు లేరని రాస్తే మూడోసారి అవుతుంది. దీన్ని వ్యానులోంచి తీసేస్తారు. అప్పుడు ఇద్దరం ఇంట్లో కూర్చోవాలి. నేను మానింది దేనికి మరి?"

"అయితే అక్కని బడికి పంపండి," అంది చిట్టి. "నేను ఇంట్లో ఉంటాను. నాకూ అమ్మ గొంతు వచ్చు." గొంతు సవరించుకుని, చేతులు నడుం మీద పెట్టుకుని, చిట్టి ఎలకపిల్లలా కీచుమంది. "వచ్చావా! కాళ్ళు తుడుచుకుని రా!"

పెద్దది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వ్యానక్క ఎంత ఆపుకున్నా ఆగలేదు. ముగ్గురూ నవ్వారు. నవ్వుతుండగానే పెద్దదాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి గోడ వైపు తిరిగింది.

వ్యానక్క ఆ రోజు పేజీ తెరిచింది. "తల్లి" అన్న మాట కొట్టేసింది. పక్కన రాసింది. ఆమెకు రాయడం నెమ్మది. ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, ముందూ వెనకా చూసుకుని రాస్తుంది. "చిట్టి అక్క. పదమూడేళ్ళు. పెద్దవాళ్ళు లేరు." ఆ తరవాత వెనక్కి తిప్పి పోయిన నెల పేజీ, వానాకాలం మొదటి పేజీ తెరిచి, అక్కడ కూడా అదే కొట్టివేత, అదే మాట, కింద తన సంతకం. మూడు తప్పులు రాసిన మనిషికి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆమెకు తెలియదు. ఊడితే ఏం చెయ్యాలో కూడా ఆలోచించలేదు. ఆ తలుపు దగ్గర మూడుసార్లు తను మనిషిని చూడకుండా మనిషి పేరు రాసింది. ముందు అది సరిచెయ్యాలి.

"చెప్పులేసుకోండి," అంది. "ఇద్దరూ."

"నేనెందుకు? నా పేరు లిస్టులో లేదుగా."

"పెద్దవాళ్ళు లేని ఇంట్లో పిల్లను వదిలి పోకూడదు. నియమం అది. లిస్టులో ఉన్న పిల్లను అని అందులో లేదు. పాల గిన్నె దించి పొయ్యి చూసి రా. అమ్మకు కాగితం రాసి తలుపు లోపల పెట్టు, బడిలో ఉన్నామని."

వీధి మొదట్లో డ్రైవరు వ్యాను తలుపు తీసి పట్టుకున్నాడు. పెద్దదాన్ని పైనుంచి కింది దాకా చూశాడు.

"ఎదిగావు," అన్నాడు.

"నత్త ఎవరినైనా గుద్దిందని ఎప్పుడైనా విన్నారా?" అంది పెద్దది, అచ్చం అతని గొంతుతో.

అతను నవ్వాడు గానీ, ఆ నవ్వు తొందరగా అయిపోయింది.

వాళ్ళు చేరేసరికి బడి వరండాలోకి నీళ్ళు వచ్చాయి. వ్యాను గేటు దగ్గరే ఆగింది. ఆఫీసు గదిలో పెద్ద టీచర్ ఒక్కతే ఉంది. చెప్పులు విడిచి, సొరుగులు ఒక్కొక్కటే లాగి బల్ల మీద పెడుతోంది. యాభై ఏళ్ళు దాటిన మనిషి, గట్టి గొంతు, బడిలో ఎవరినీ రెండోసారి పిలవాల్సిన అవసరం రాదు. వ్యానక్కకు అక్షరాలు నేర్పింది ఆవిడే. పలుకు పుస్తకం రాయడానికి మనిషి కావలసి వచ్చినప్పుడు, బయటనుంచి తేకుండా, సాయంత్రాలు కూర్చోబెట్టి ఆరు నెలల్లో నేర్పింది. అందుకే ఆ పుస్తకం ఆవిడ ముందు పెట్టేముందు వ్యానక్క అట్ట మీది తడి రెండుసార్లు తుడిచింది.

పెద్ద టీచర్ ముందు పిల్లలను చూసింది. పెద్దదాన్ని చూసి ఆశ్చర్యపోలేదు. అది వ్యానక్క గమనించింది.

"తడిశారు. బీరువా పక్కన తువ్వాలు ఉంది, తుడుచుకోండి." తరవాత పుస్తకం తెరిచి, మూడు పేజీలూ చదివింది. కళ్ళజోడు తీసింది. "నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"ఇవాళ్టినుంచి టీచరమ్మా. మీకు?"

పెద్ద టీచర్ నోరు తెరవబోయింది. అంతలో ఫోను మోగింది. గదిలో మాట సరిగ్గా వినపడదు, వరండా చివరికి పోవాలి. ఆవిడ గొడుగు తీసుకుంది.

"పై ఆఫీసునుంచి. రేపటి సంగతి చెబుతారు. నీళ్ళు గదిలోకి వచ్చేలోపు కింది అరలో రిజిస్టర్లన్నీ పై అరలోకి ఎక్కించండి. తరగతుల వరసలోనే పెట్టండి."

వ్యానక్క కిందనుంచి అందించింది, పెద్దది కుర్చీ ఎక్కి అందుకుంది. ఒకటి, రెండు, చిట్టి తన తరగతిదాన్ని తనే మోస్తానని పట్టుబట్టి మోసింది. మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఏడో తరగతి హాజరు పుస్తకం చేతికి రాగానే పెద్దది దాన్ని అరలో పెట్టలేదు.

"ఒక్కసారి చూస్తానక్కా. మా వాళ్ళందరూ ఉన్నారో లేదో."

కుర్చీ మీదే కూర్చుని తెరిచింది. వేలితో వరస వెంట కిందికి దిగింది. పేర్లు చదువుతూ మధ్యలో నవ్వింది. "ఇది ఇంకా రోజు విడిచి రోజే వస్తోంది, చూడు, ఎన్ని గైర్హాజర్లో." వేలు ఇంకా కిందికి దిగింది. పద్దెనిమిదో వరస దగ్గర ఆగింది.

పుస్తకాన్ని కిటికీ వెలుగులోకి తిప్పింది.

"ఏమైంది?"

పెద్దది పేజీలు వెనక్కి తిప్పింది. పోయిన నెల. అంతకు ముందు నెల. బడి తెరిచిన నెల. మళ్ళీ ఈ రోజుకు వచ్చింది.

"అక్కా," అంది. "నేను రోజూ బడికొస్తున్నానట. ఒక్క రోజు కూడా మానలేదు. ఇవాళ కూడా వచ్చాను."

"మరి నాతో రాలేదేం?" అంది చిట్టి.

వ్యానక్క పుస్తకం మీదికి వంగింది. పద్దెనిమిదో వరసలో పెద్దదాని పేరు. దాని ఎదురుగా ప్రతి గడిలోనూ హాజరు గుర్తు. మిగతా పిల్లల గుర్తులన్నీ క్లాసు టీచర్ నీలం కలంతో పెట్టినవి. ఈ ఒక్క వరసా ఆకుపచ్చ సిరా. బడిలో ఆకుపచ్చ సిరా వాడేది ఒక్కరే. వ్యానక్క రాసిన మొదటి అక్షరాలను దిద్దింది ఆ సిరాతోనే.

వ్యాను లిస్టులోంచి ఆ పిల్ల పేరు కొట్టేయమని తనకు చెప్పింది కూడా ఆవిడే.

గుమ్మంలో గొడుగు మూసిన చప్పుడైంది.

"రేపు కూడా బడి లేదు," అంటూ పెద్ద టీచర్ లోపలికి వచ్చి, తెరిచి ఉన్న పుస్తకాన్ని చూసి ఆగింది. ఆవిడ వచ్చి పుస్తకం మూయలేదు, లాక్కోలేదు. గొడుగు మూలకు ఆనించి, పెద్దదాని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పెట్టింది నేనే, వెనకటి గడులతో సహా. హాజరు లేకపోతే పై తరగతికి పంపడానికి కుదరదు. ఏడాది పోతే నువ్వు మళ్ళీ రావని నాకు తెలుసు. అది తప్పే. ఎవరడిగినా తప్పే అని ఒప్పుకుంటాను."

"అమ్మ అడిగిందా టీచర్?" అంది పెద్దది.

"మీ అమ్మకి ఈ సంగతే తెలియదు."

"మరి?"

పెద్ద టీచర్ వ్యానక్క వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నీకు ఈ మాట నా నోటినుంచి వినాల్సి వచ్చిందే అన్నట్టుంది.

"తలుపు వెనక ఎవరు పలుకుతున్నారో వానలు మొదలైన మొదటిరోజే కనిపెట్టిన మనిషి ఒకడున్నాడు. ఆ సాయంత్రమే నా దగ్గరికి వచ్చి, ఈ పిల్ల పేరు హాజరు పుస్తకంలోంచి కొట్టేయొద్దని అడిగాడు. నేను ఒప్పుకోవడానికి ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ మాట అతనే చెప్పాలి, నేను చెప్పకూడదు. వెళ్ళి వ్యానులోంచి పిలుచుకురా."

వ్యానక్క వరండాలోకి పరుగెత్తింది. వాన జల్లు ముఖాన కొట్టింది. కళ్ళు తుడుచుకుని చూసింది.

గేటు బార్లా తెరిచి ఉంది. వ్యాను అక్కడ లేదు.